నలభై నుంచి ఒకటి దాకా: సెవెంటీస్ పాటల వారపు రేడియో షో గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్కారమండి. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే. రేడియో వాణ్ని కదా, మైకు అంటే బెరుకు ఉండదనుకుంటారు, కానీ మా గదిలో ఎదురుగా ఒక గోడ, దాని మీద ఒక గడియారం, అంతే ఉంటాయి. ఇన్ని మొహాలు ఒకేసారి చూస్తే నాకు మాట తడబడుతుంది, కాస్త ఓపిక పట్టండి.

నేను చేసేది చాలా చిన్న పని. ఒక చిన్న ఇంటర్నెట్ రేడియోలో వారానికోసారి రెండు గంటలు సెవెంటీస్ ఇంగ్లీష్ పాప్ పాటలు వేస్తా. జీతం లేదు, స్పాన్సర్ లేడు, వినేవాళ్లు ఎంతమంది అని అడక్కండి, ఈ హాల్లో ఉన్నవాళ్లకంటే ఎక్కువో తక్కువో నాకూ డౌటే. మొదలుపెట్టిన కొత్తలో నాకు ఇదేం పెద్ద పనిలా అనిపించలా. డాన్సింగ్ క్వీన్ వేస్తాం, హోటల్ కాలిఫోర్నియా వేస్తాం, బోనీ ఎమ్ ఒకటి, బీ జీస్ రెండు, రెండు గంటలు అయిపోయాయి, ఇంటికెళ్లిపోయాం. అలా ఓ మూడు నెలలు గడిచాక ఒక పెద్దాయన మెయిల్ పెట్టారు. బాబూ, పాటలన్నీ బాగున్నాయి, కానీ నేను చూసిన సెవెంటీస్ లా లేదు నీ షో, పెళ్లి రిసెప్షన్ లో డీజే లాగా ఉంది, అని. నాకు ఒళ్లు మండింది, ఒప్పుకుంటున్నా. రెండ్రోజులు రిప్లై కూడా ఇవ్వలా. మూడో రోజు నా పాత ప్లేలిస్టులన్నీ తీసి చూసుకుంటే పన్నెండు వారాల్లో తిప్పి తిప్పి డెబ్భయ్యో ఎనభయ్యో పాటలే వేశా. పదేళ్ల సంగీతానికి ఎనభై పాటలు! ఆయన అన్నదాంట్లో తప్పేముంది.

సో ఇవాళ నేను చెప్పదల్చుకుంది అదే, ఆ పదేళ్లూ వారం వారం పాటలు జనానికి ఎలా చేరాయి, మనం ఇప్పుడు వాటిని ఎలా వింటున్నాం, ఈ రెంటికీ మధ్య ఏం జారిపోయింది అని. మధ్యలో పక్కదారి పడతా, నాకు ఆ జబ్బు ఉంది, ఆపొద్దు.

అమెరికాలో మొదలుపెడదాం. 1970 జూలై 4, వాళ్ల స్వాతంత్ర్య దినం, ఆ వీకెండ్ లో అమెరికన్ టాప్ 40 అని ఒక షో మొదలైంది. యాంకర్ కేసీ కేసమ్. మీలో స్కూబీ డూ కార్టూన్ చూసినవాళ్లుంటే అందులో ఎప్పుడూ ఆకలితో ఉండే షాగీ గొంతు ఈయనదే. మొదటి వారం ఆ షో వేసినవి మొత్తం 7 స్టేషన్లు. ఏడంటే ఏడు. పద్ధతి చాలా సింపుల్, బిల్‌బోర్డ్ పత్రిక హాట్ 100 అని ప్రతి వారం వంద పాటల లిస్టు వేస్తుంది కదా, అందులో పైనున్న నలభై తీసుకుని నలభయ్యో నంబర్ నుంచి మొదలుపెట్టి ఒకటో నంబర్ దాకా ఎక్కడం. మన దగ్గర రేడియోలో హిందీ సినిమా పాటల షో బినాకా గీత్‌మాలా విన్నవాళ్లకి ఇది కొత్త కాదు, అమీన్ సయానీ గారు పాయ్‌దాన్ పాయ్‌దాన్ అంటూ మెట్లెక్కించినట్టే, ఆయన 1952 లోనే మొదలుపెట్టారు, ఇది నేను మా స్టేషన్ లో ఎవరితో అన్నా నమ్మరు.

ఇప్పుడు ఈ షో స్టేషన్లకి ఎలా చేరేదో వినండి, నాకు భలే ఇష్టమైన పార్ట్ ఇది. ఇంటర్నెట్ లేదు, స్టేషన్లకి పంచే శాటిలైట్ లింకులు అప్పటికి రాలేదు. షో అంతా స్టూడియోలో రికార్డ్ చేసి దాన్ని ఎల్పీ రికార్డుల మీద అచ్చేసి పార్సిల్ కట్టి పోస్టులో పంపేవాళ్లు. మూడు గంటల షో అంటే ఒక్కో వైపు అరగంట చొప్పున ఆరు వైపులు, మూడు రికార్డులు. వాటితో పాటు క్యూ షీట్ అని ఒక కాగితం, ఏ నిమిషానికి ఏ పాట, ఎక్కడ మీ ఊరి యాడ్ వేసుకోవాలి అని రాసుండేది. స్టేషన్ లో కుర్రాడు రికార్డు పెట్టి, ముల్లు దించి, యాడ్ టైముకి ఆపి, మళ్లీ వేసి, సగానికి తిప్పి పెట్టేవాడు. ఒక్కోసారి తప్పు వైపు తిప్పేస్తే పన్నెండో నంబర్ అయ్యాక మళ్లీ ముప్పయ్యో నంబర్ వస్తుంది, వినేవాడికి పిచ్చెక్కుతుంది. షో అయిపోయాక ఆ రికార్డులతో పని లేదు, వచ్చే వారం కొత్త పార్సిల్ వస్తుంది. కానీ పారెయ్యబుద్ధి కాక ఇంటికి పట్టుకుపోయినవాళ్లు కొందరున్నారు చూడండి, వాళ్లకి దణ్ణం పెట్టాలి. ఆ డిస్కులు ఇవాళ కలెక్టర్ల బంగారం.

ఇంకో లెక్క చెప్తా. మూడు గంటలంటే 180 నిమిషాలు. నలభై పాటలు, ఒక్కోటి మూడు నిమిషాలు అనుకుంటే 120. మిగిలిన గంటలో యాడ్లు, జింగిల్స్, కేసీ మాటలు. 1970 లో ఇది సరిగ్గా సరిపోయింది. తర్వాత పాటలు పొడుగవడం మొదలైంది, నాలుగు నిమిషాలు, నాలుగున్నర, డిస్కో వచ్చాక అయితే చెప్పక్కర్లేదు. పాటల్ని కోసి కోసి వేయాల్సొచ్చేది. చివరికి 1978 అక్టోబర్ లో షోనే నాలుగు గంటలు చేశారు. చార్టులో పాటలు ఎలా మారాయో చెప్పడానికి పుస్తకాలక్కర్లేదు, షో నిడివి చూస్తే చాలు.

కేసీ దగ్గర నేను దొంగిలించిన విద్య ఒకటుంది. ఆయన పాట పేరు ముందు చెప్పడు. ఫలానా పిల్లాడు చిన్నప్పుడు ఇలా ఉండేవాడు, తర్వాత ఇలా అయ్యింది, ఆ పిల్లాడే ఇవాళ పదకొండో నంబర్ లో ఉన్నాడు, ఎవరో యాడ్ తర్వాత చెప్తా, అని ఆగిపోతాడు. ఇంక నువ్వు ఎక్కడికెళ్తావ్? ఈ టెక్నిక్ ఎలా పుట్టిందో ఆయనే చెప్పుకున్నాడు, అరవైల మొదట్లో కాలిఫోర్నియాలో ఒక స్టేషన్ లో పని చేస్తున్నప్పుడు మేనేజర్ వచ్చి నీ స్టైల్ మార్చు అన్నాడట, షోకి ఇంకా గంటే టైముంది, ఏం చెయ్యాలో తెలీక చూస్తుంటే చెత్తబుట్టలో పాప్ సింగర్ల వివరాలున్న ఒక పాత పత్రిక కనపడింది. అది తీసి అందులో ముక్కలు చదవడం మొదలుపెట్టాడు. అంతే, జీవితాంతం దాని మీదే బతికాడు. నేను కూడా మా ఆఫీసు చెత్తబుట్ట రోజూ చూస్తా, ఇప్పటిదాకా టీ కప్పులే దొరికాయి.

1978 లోనే ఆయన ఇంకోటి పెట్టాడు, లాంగ్ డిస్టెన్స్ డెడికేషన్. దూరంగా ఉన్నవాళ్ల కోసం శ్రోతలు ఉత్తరం రాస్తే ఆయన చదివి పాట వేస్తాడు. మొట్టమొదట అలా వేసింది నీల్ డైమండ్ పాడిన డిజిరే. ఈ ఉత్తరాల గురించే ఒక సంగతి రేడియో వాళ్లందరికీ తెలుసు. 1985 లో స్నగుల్స్ అనే కుక్క చచ్చిపోయిందని ఒక శ్రోత ఉత్తరం, దానికి షానన్ అనే 1976 నాటి పాట అడిగారు, ఆ పాట కూడా చనిపోయిన కుక్క గురించే. కానీ దానికి ముందు ప్రొడ్యూసర్లు మంచి హుషారైన డాన్స్ పాట పెట్టారు. గంతులేసే పాట అయిపోగానే ఏడుపు గొంతుతో చావు ఉత్తరం ఎలా చదవాలి అని కేసీ మండిపడి బూతులు తిట్టాడు. రికార్డింగ్ ఆగలేదు, ఆ టేపు బయటికొచ్చింది. అందరూ దాన్ని జోకుగా వింటారు. నాకు మాత్రం ఆయన చెప్పింది వంద శాతం కరెక్ట్ అనిపిస్తుంది. పాట పక్కన ఏ పాట ఉంది అన్నదే మా పనిలో సగం. బూతులు మైనస్ చేసి ఆ టేపు ప్రతి కొత్త జాకీకి పాఠంగా పెట్టొచ్చు.

ఇంగ్లండ్ లో కథ వేరు. అక్కడ బీబీసీ రేడియో 1 అని 1967 సెప్టెంబర్ 30న మొదలైంది, పాప్ పాటల కోసమే. కొత్త చార్టు, అంటే ఆ వారం హిట్ల లిస్టు, మంగళవారం మధ్యాహ్నం చదివేవాళ్లు, అందుకే సరిగ్గా లంచ్ బ్రేక్ టైములో స్కూలు పిల్లలు ట్రాన్సిస్టర్ల చుట్టూ మూగేవాళ్లట. ఆదివారం సాయంత్రం ఆ పాటలు వరసగా వేసే షో. ఇందులో తమాషా ఏంటంటే రేడియో 1 కి అప్పట్లో సొంత ఎఫ్ఎం లేదు. 247 మీటర్ల మీడియం వేవ్ మీద గరగరలాడుతూ వచ్చేది. ఆదివారం ఆ చార్ట్ షో టైముకి మాత్రం రేడియో 2 వాళ్ల ఎఫ్ఎం అరువు తెచ్చుకునేవాళ్లు. అంటే వారమంతా బురద నీళ్లు తాగిన పిల్లలకి ఆదివారం సాయంత్రం ఒక్కసారి శుభ్రమైన సౌండు దొరికేది. ఇంకేం చేస్తారు, క్యాసెట్ పెట్టి రికార్డ్ చేసేవాళ్లు. ఫిలిప్స్ వాళ్లు 1963 లో తెచ్చిన ఆ చిన్న క్యాసెట్ సెవెంటీస్ కల్లా రేడియోతో కలిసి ఒకే పెట్టెలోకి వచ్చేసింది. పాజ్ బటన్ మీద వేలు పెట్టుకుని, యాంకర్ ఎప్పుడు నోరు మూస్తాడా అని కాచుకుని, సరిగ్గా పాట మొదలైనప్పుడు వదలడం. ఆ యాంకర్లేమో కావాలని పాట మొదటి లైను దాకా మాట్లాడతారు. ఎనభైల మొదట్లో ఇంట్లో రికార్డింగ్ సంగీతాన్ని చంపేస్తోంది అని రికార్డు కంపెనీలు ప్రచారం కూడా చేశాయి. నిజానికి ఆ టేపులు పెట్టుకున్న పిల్లలే పెద్దయ్యాక అవే పాటలు ఎల్పీ, సీడీ, మళ్లీ రీమాస్టర్ సీడీ అని మూడుసార్లు కొన్నారు, ఇది నా అభిప్రాయం, లెక్కలు అడక్కండి.

యాంకర్ పాట మీద మాట్లాడ్డం అన్నా కదా, అది కూడా ఒక కళే. పాట మొదలై గొంతు వచ్చేదాకా ఉండే మ్యూజిక్ ని ఇంట్రో అంటాం. అది పద్నాలుగు సెకన్లు అయితే జాకీ పదమూడున్నర సెకన్లు మాట్లాడి, పాడేవాడు నోరు తెరిచే క్షణానికి తను నోరు మూయాలి. రేడియో స్టేషన్లకి పంపే రికార్డుల లేబుల్ మీద పాట నిడివితో పాటు ఇంట్రో ఎన్ని సెకన్లో కూడా చాలాసార్లు అచ్చేసి ఉండేది. నేను మొదటి నెలలో చేసిన ప్రయత్నాల్లో సగానికి పైగా సింగర్ నెత్తి మీద నుంచి నడిచా.

ఇంక ఆ చార్టు లెక్క సంగతి. మనం ఈ లిస్టుల్ని దేవుడు రాసినట్టు చూస్తాం. బిల్‌బోర్డ్ వాళ్లకి అప్పట్లో ఏ పాట ఎన్ని కాపీలు అమ్ముడైందో అసలు తెలీదు. రికార్డు షాపులకి ఫోన్ చేసి ఈ వారం బాగా పోయినవి ఏంటి అని అడుగుతారు, వాడు వరసగా చెప్తాడు. రేడియో స్టేషన్లు మేం ఇవి వేస్తున్నాం అని లిస్టు ఇస్తాయి. రెండూ కలిపి పాయింట్లు. షాపువాడికి పాత స్టాకు మిగిలిపోయిందనుకోండి, దాన్ని బాగా పోతోందని చెప్పాలనిపించదా? బార్‌కోడ్ స్కాన్ చేసి అసలు అమ్మకాలు లెక్కపెట్టడం 1991 లో గానీ రాలేదు. ఇంగ్లండ్ లో 1969 నుంచి ఒక మార్కెట్ రీసెర్చ్ సంస్థకి పని అప్పగించారు, షాపుల్లో ఏ రికార్డు అమ్మితే అది డైరీలో చేత్తో రాసి పోస్టులో పంపాలి. 1971 మొదట్లో పోస్టల్ సమ్మె వచ్చింది, డైరీలు కదల్లేదు, పాపం చార్టు నానా తిప్పలు పడింది. పోస్ట్‌మాన్ రాకపోతే నంబర్ వన్ ఎవరో తెలీదు! అయినా ఈ తప్పుల తడక లిస్టే ఆ వారానికి నిజం, ఎందుకంటే జనం విన్నది దాన్నే.

సరే ఒక్క నెల తీసుకుందాం, మెయిల్ పెట్టిన ఆ పెద్దాయనకి జవాబుగా నేను మొదట చేసిన ప్రయోగం ఇదే. 1976 అక్టోబర్. ఇవాళ ఆ నెల పాట ఒకటి వెయ్యమంటే ఏ స్టేషన్ అయినా డాన్సింగ్ క్వీన్ వేస్తుంది, ఇంగ్లండ్ లో అది సెప్టెంబర్ నుంచి 6 వారాలు నంబర్ వన్, తప్పేం లేదు. కానీ దాన్ని దించింది ఎవరు? పుస్సీక్యాట్ అని ఒక డచ్ బ్యాండు, మిసిసిపీ అనే పాట, 4 వారాలు నంబర్ వన్. ఈ హాల్లో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. ఒకరు. మీరు నా షో వినేవారేనా? అనుకున్నా.

అమెరికా వైపు చూస్తే ఇంకా తమాషా. అక్టోబర్ 9 చార్టులో నంబర్ వన్ ఏంటంటే ఎ ఫిఫ్త్ ఆఫ్ బీథోవెన్, వాల్టర్ మర్ఫీ అనే ఆయన బీథోవెన్ అయిదో సింఫనీకి డిస్కో డ్రమ్స్ తగిలించాడు, డ డ డ డాం, వెనక నుంచి ఛక్ ఛక్. పాడేవాడెవడూ లేడు, ఉత్త వాయిద్యం. మరుసటి వారం, అక్టోబర్ 16న, నంబర్ వన్ డిస్కో డక్. బాతు గొంతుతో పాడతారండీ. బాతు. మెంఫిస్ లో రిక్ డీస్ అనే రేడియో జాకీ సరదాకి చేశాడు. ఆయన పనిచేసే స్టేషన్ లోనే దాన్ని వెయ్యనివ్వలేదు, ఎవరి పాట వాళ్లే వేసుకుంటే బాగోదని, ఒకరోజు మైకులో దాని ప్రస్తావన తెచ్చినందుకు ఉద్యోగం కూడా తీసేశారు. ఆయన తర్వాత బాగుపడ్డాడు లెండి, లాస్ ఏంజిలెస్ వెళ్లి తనే పెద్ద కౌంట్‌డౌన్ షో పెట్టుకున్నాడు. ఆ పై వారం అక్టోబర్ 23, షికాగో బ్యాండు వాళ్ల ఇఫ్ యు లీవ్ మీ నౌ, గుండె కరిగిపోయే మెలొడీ. బీథోవెన్, బాతు, విరహం, మూడు వారాల్లో మూడూ నంబర్ వన్. ఇదండీ సెవెంటీస్ అంటే. ఇప్పుడు వచ్చే సెవెంటీస్ హిట్స్ షోల్లో ఈ మూడింట్లో విరహం మాత్రమే మిగిలింది, బాతు పోయింది, బాతు పోయాక ఆ విరహం కూడా సగం చప్పబడింది అంటా నేను.

అక్టోబర్ 16 వారం పాటల్ని వరసగా వేసిన రోజు నాకు నిజంగా భయమేసింది. బాతు పాట నడుస్తుంటే ఒకాయన చాట్ లో ఏంటీ ఖర్మ అని రాశారు. నేను ఏమీ అనలా. అది అయిపోయాక ఇంకొకావిడ, నేను ఈ పాటకి చిన్నప్పుడు గంతులేసి మంచం విరగ్గొట్టా, నలభై ఏళ్లుగా వినలేదు, అని రాసింది. డాన్సింగ్ క్వీన్ వేసినప్పుడు ఎవరూ అలాంటిది రాయరు. ఎందుకంటే డాన్సింగ్ క్వీన్ ఆ నలభై ఏళ్లూ ప్రతి వారం వింటూనే ఉన్నాం, దానికి ఒక్క జ్ఞాపకం అంటుకుని లేదు, వంద జ్ఞాపకాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. మర్చిపోయిన పాటకి ఆ ఒక్క వేసవో ఆ ఒక్క గదో అలాగే ఉంటుంది.

మరి మిగతావన్నీ ఎక్కడికి పోయాయి? పాత పాటలు వేసే కమర్షియల్ స్టేషన్లు ఒక టెస్టు చేస్తాయి. ఒక హాల్లో జనాన్ని కూర్చోబెట్టి వందల పాటల ముక్కలు, ఒక్కోటి ఏడెనిమిది సెకన్లు, వినిపించి మార్కులు వేయిస్తారు. ఎవరికీ చికాకు తెప్పించని పాటలు మాత్రం మిగుల్తాయి, అవే కొన్ని వందలు, అవే తిరిగి తిరిగి. ఏడు సెకన్లలో బాతు పాసవుతుందా? 1977 లో డెబ్బీ బూన్ పాడిన యు లైట్ అప్ మై లైఫ్ అని ఒక పాట అమెరికాలో 10 వారాలు నంబర్ వన్, ఆ దశాబ్దం మొత్తంలో అంతకంటే ఎక్కువ వారాలు ఉన్నది ఇంకోటి లేదు. దశాబ్దంలో అతి పెద్ద హిట్! ఎప్పుడైనా రేడియోలో విన్నారా? నాకు కూడా ఆ పాట నచ్చదు, ఆ మాట షోలోనే చెప్పి మరీ వేశా, పది వారాలు కోట్ల మంది భరించారు, మనం మూడున్నర నిమిషాలు భరించలేమా అని.

ఇక్కడ ఒక మాట, పాత వాటిని ఉన్నదున్నట్టు వేసేవాళ్లు లేరని కాదు. కేసీ సెవెంటీస్ షోలని మొత్తంగా, అదే వారానికి అదే వారం చూసి, ఇప్పటికీ అమెరికాలో స్టేషన్లు మళ్లీ ప్రసారం చేస్తున్నాయి, ఆయన 2014 లో పోయినా గొంతు ప్రతి వీకెండూ నలభై నుంచి ఒకటి దాకా లెక్కపెడుతూనే ఉంది. బీబీసీ రేడియో 2 లో పిక్ ఆఫ్ ద పాప్స్ అని రెండు పాత సంవత్సరాల చార్టులు తీసి వేస్తారు. అదే రేడియో 2 లో సౌండ్స్ ఆఫ్ ద సెవెంటీస్ ఉంది, జానీ వాకర్ 2009 నుంచి ఆదివారాలు చేశారు, చివరి దాకా ఇంటి నుంచి కూడా చేశారు, 2024 అక్టోబర్ లో ఆపి అదే డిసెంబర్ 31న పోయారు, ఆయన తర్వాత బాబ్ హారిస్. ఈ వాకర్ గారే సెవెంటీస్ లో మంగళవారం చార్టు చదివిన మనిషి. చదువుతూనే అందులో కొన్ని నాకు నచ్చవని మొహం మీద చెప్పేవాడు, అందుకే నాకు ఆయనంటే గురి.

పాటల తయారీలో కూడా రేడియో వేలు ఎంత ఉందో ఒకట్రెండు చెప్పి వదిలేస్తా. 1970 లో కింక్స్ వాళ్ల లోలా పాట. అందులో కోకా కోలా అనే మాట ఉంది, బీబీసీలో బ్రాండ్ పేరు వస్తే వెయ్యరు, రూలు. వాళ్ల సింగర్ రే డేవీస్ అమెరికా టూర్ లో ఉన్నాడు, ఆ ఒక్క మాట మార్చడానికి విమానమెక్కి లండన్ వచ్చి చెర్రీ కోలా అని పాడి పోయాడు. ఒక్క మాటకి సముద్రం దాటాడు. 1975 లో బొహీమియన్ రాప్సొడీ, 5 నిమిషాల 55 సెకన్లు, ఇంత పొడుగు పాట రేడియోలో వెయ్యరు కొయ్యండి అన్నారు, క్వీన్ వాళ్లు ససేమిరా అన్నారు, కెన్నీ ఎవరెట్ అనే జాకీ తన షోల్లో ఒకే వీకెండ్ లో 14 సార్లు వేశాడని చెప్తారు, అది 9 వారాలు నంబర్ వన్ లో కూర్చుంది. ఆ క్వీన్ సింగర్ ఫ్రెడ్డీ మెర్క్యురీ పంచగనిలో చదువుకున్న ఫారూఖ్ బల్సారా అని మీకు తెలుసు. ఇంకొకాయన్ని మాత్రం అందరూ మర్చిపోతారు. 1974 లో కుంగ్ ఫూ ఫైటింగ్ రెండు దేశాల్లోనూ నంబర్ వన్. ప్రొడ్యూసర్ బిద్దు, మన బెంగళూరు మనిషి, అరవైల్లో ఇంగ్లండ్ పోయాడు. రికార్డు రెండో వైపుకి, అదే బి సైడ్ కి, ఏదో ఒకటి కావాలి, స్టూడియో టైము అయిపోతోంది, ఆఖరి పది నిమిషాల్లో గబగబా చేసిన పాట అది, ఆ హూ హా అరుపులతో సహా. ఎ సైడ్ ఏంటో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

స్టూడియో అంటే గుర్తొచ్చింది, టెన్ సీసీ వాళ్ల ఐయామ్ నాట్ ఇన్ లవ్. వెనకాల మబ్బులా వస్తుందే ఆ కోరస్, అది సింథసైజర్ అనుకుంటారు అందరూ. ముగ్గురు మనుషులు ఒక్కో స్వరాన్ని పదహారేసి సార్లు పాడి టేపు మీద కలిపారు, అంటే ఒక్కో స్వరానికి 48 గొంతులు, ఆ టేపుల్ని లూపులుగా కట్టి మిక్సింగ్ డెస్క్ మీద ఫేడర్లనే, అంటే సౌండు పెంచే తగ్గించే మీటల్నే, హార్మోనియం మెట్లలా ఎత్తుతూ దించుతూ వాయించారు. బీ జీస్ వాళ్ల స్టేయిన్ అలైవ్ లో డ్రమ్స్ కూడా అంతే, డ్రమ్మర్ ఊళ్లో లేకపోతే వాళ్లదే నైట్ ఫీవర్ పాటలోంచి రెండు బార్లు, అంటే రెండు తాళం ఆవర్తాల టేపు ముక్క, కోసి గుండ్రంగా అతికించి తిప్పారు. రికార్డు మీద డ్రమ్మర్ పేరు ఏం వెయ్యాలో తెలీక బెర్నార్డ్ లూప్ అని లేని మనిషిని పుట్టించారు. ఆయన కోసం తర్వాత వేరే బ్యాండ్ల వాళ్లు ఆరా తీశారట, మాకూ వాయిస్తారా అని!

ఇంకో పది నిమిషాలే ఉందా? సరే. ఎవరైనా ఇలాంటి షో చేద్దామనుకుంటే మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి నేను చాలా దెబ్బలు తిన్నా. స్ట్రీమింగ్ లో పాట పేరు కొట్టి మొదట వచ్చింది తీసుకోకండి. సెవెంటీస్ బ్యాండ్లు చాలా తర్వాత, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత, అవే హిట్లు మళ్లీ పాడి రికార్డ్ చేశాయి, ఎందుకంటే పాత మాస్టర్ టేపులు, అంటే అసలు రికార్డింగులు, కంపెనీ చేతిలో ఉంటాయి, కొత్తగా పాడితే డబ్బులు నేరుగా వీళ్లకి వస్తాయి, వాళ్ల తప్పు కాదు. అట్ట మీద మాత్రం పాత ఫొటోనే ఉంటుంది. వింటే అన్నీ ఉంటాయి, ప్రాణం ఉండదు, డ్రమ్స్ శబ్దం ప్లాస్టిక్ బకెట్ లా వస్తుంది. నేను ఒకసారి ఇలా వేసేసి అరగంట పాటు దాని గొప్పతనం గురించి మాట్లాడా. ఎవరు పట్టుకున్నారనుకున్నారు, ఆ పెద్దాయనే. రెండో మెయిల్. ఒకటే లైను, బాబూ ఆ గొంతు అరవై ఏళ్ల వాడిది, అని.

ఇంకో తిరకాసు, రేడియోలో అప్పుడు వచ్చింది సింగిల్ వెర్షన్, అంటే వైపుకొక పాట ఉండే చిన్న రికార్డు మీదది, ఇప్పుడు దొరికేది ఆల్బమ్ మీది ఎల్పీ వెర్షన్. అమెరికన్ పై ఎనిమిదిన్నర నిమిషాలు, సింగిల్ మీద రెండు ముక్కలు చేసి ఎ సైడ్ సగం, బి సైడ్ సగం వేశారు. పైగా మీడియం వేవ్ స్టేషన్ల కోసం మోనో మిక్స్, అంటే శబ్దమంతా ఒకే స్పీకర్ కి సరిపోయేలా కలిపింది, వేరే ఉండేది, స్టేషన్లకి పంపే ప్రోమో రికార్డులో ఒక వైపు స్టీరియో, రెండో వైపు అదే పాట మోనో. ఆ మోనోలో గొంతు ముందుకొచ్చి డ్రమ్ గట్టిగా కొడుతుంది. కారు డాష్‌బోర్డు స్పీకర్ లో వినడానికి చేసింది అది. మీరు ఖరీదైన హెడ్‌ఫోన్లు పెట్టుకుని అది ఫ్లాట్ గా ఉంది అంటే దాని తప్పు కాదు మరి.

డిస్కో గొడవ గురించి అడుగుతారేమో అని నోట్సులో రాసుకున్నా, 1979 జూలై 12న షికాగో బేస్‌బాల్ గ్రౌండ్ లో డిస్కో రికార్డులు పేల్చేసిన సంగతి. దాని మీద వేరే రోజు మాట్లాడదాం, పెద్ద కథ. ఒకటి మాత్రం, ఆ ఆగస్టులో చార్టు చూడండి, షిక్ వాళ్ల డిస్కో పాట గుడ్ టైమ్స్ ఒక వారం నంబర్ వన్, మరుసటి వారం మై షరోనా అనే రాక్ పాట వచ్చి 6 వారాలు కదల్లేదు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకుండా ఆ రెండు పాటలు పక్కపక్కన పెడితే గాలి మారింది వినపడుతుంది. విడివిడిగా ఎప్పుడు వేసినా అది వినపడదు.

ల్యాప్‌టాప్ స్పీకర్ కి కనెక్ట్ అయిందా తమ్ముడూ? సరే. చివరగా ఒక పాట. 1970 జూలైలో ఆ మొట్టమొదటి అమెరికన్ టాప్ 40 లో ఒకటో నంబర్ త్రీ డాగ్ నైట్ వాళ్ల మామా టోల్డ్ మీ, ఆ వారం టాప్ టెన్ లో బీటిల్స్ ఉన్నారు, ఎల్విస్ కూడా ఉన్నాడు. వాటిలో ఏదీ నేను వెయ్యట్లేదు, మీకు ఫోన్లో దొరుకుతాయి. కేసీ ఆ రోజు అందరికంటే ముందు వేసింది నలభయ్యో నంబర్, మార్విన్ గే. పాట పేరు చూడండి, ది ఎండ్ ఆఫ్ అవర్ రోడ్, మన దారి ఇక్కడితో సరి అని. పద్దెనిమిదేళ్లు ఆయన నడపబోయే షో దాంతో మొదలైంది. ఇంట్రో చిన్నదే, కాబట్టి నేను ఇప్పుడు నోరు మూసుకోవాలి. ప్లే చెయ్యి నాన్నా.